పదింటి కబుర్లు

"ఈ ఒక్క వారం చూస్తాను మేడమ్. శనివారానికల్లా ఫోన్లు పెరగకపోతే ఆ గంటలో ఇక పాటలే" అన్నాడు డైరెక్టరు. "పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం కూడా అయిపోయింది. సోమవారం నుంచి రోజూ పది గంటలకు అని ఇంజనీరు పెట్టేశాడు. టైముకి దానంతటదే వేసుకుంటుంది."

ఆ రోజూ సోమవారమే. గడియారం పదికి పావుగంట తక్కువ చూపిస్తోంది.

రేడియో అక్కయ్య తన చేతిలోని కాగితం వైపు చూసుకుంది. 'పదింటి కబుర్లు' మొదలుపెట్టింది ఆవిడే. ఊరంతా ఆవిడను పిలిచేదీ రేడియో అక్కయ్య అనే. ఒకప్పుడు ఆ గంటసేపు ఫోను ఊపిరి తీసుకునేది కాదు. కిందటి నెలంతా కలిపి వచ్చినవి నాలుగు. అందులో ఒకటి గ్యాసు బండ కోసం పొరపాటున చేసింది.

"వినేవాళ్ళున్నారు సార్" అంది.

"ఉంటే మాట్లాడరేం?"

ఆవిడ స్టూడియోలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పదీ ఇరవై అయినా ఫోను మోగలేదు. ఉత్తరాలు రాసుకునే రోజుల గురించి తనే చెబుతూ పోయింది. హెడ్‌ఫోన్లలో తన గొంతు తనకే వినిపిస్తోంది. అద్దానికవతల ఇంజనీరు తలెత్తకుండా మీటలు సవరిస్తున్నాడు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదనుకుంటుండగా ఫోను మోగింది.

రిటైరయిన పోస్టుమాన్. "అమ్మాయ్, ఒంట్లో బాగానే ఉందా?"

మైకు ముందు సొంత సంగతులు మాట్లాడకూడదన్నది ఆవిడ పెట్టుకున్న నియమం. ఎవరు కుశలమడిగినా ఒక్క ముక్కలో తేల్చేసి విషయంలోకి లాక్కొచ్చేస్తుంది.

"బాగున్నాను బాబాయ్. ఇవాళ ఉత్తరాల గురించి చెప్పుకుంటున్నాం. మీకంటే ఎవరికి తెలుసు?"

ముసలాయన కాసేపు తడుముకున్నాడు. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. చదువురాని వాళ్ళకు ఉత్తరాలు తనే చదివి పెట్టేవాడట. ఒకసారి ఒకావిడ ఒంటరిగా ఉండగా ఉత్తరమిచ్చాడు. అందులో రెండు వాక్యాలు మింగేసి మిగతాది చదివాడు. మర్నాడు ఆవిడ కూతురు ఇంట్లో ఉన్న వేళ చూసి వెళ్ళి, నిన్న ఒక ముక్క మరిచిపోయానని చెప్పి, అది కూడా చదివాడు.

"నేను మరిచిపోలేదని ఆవిడకు తెలుసమ్మా. ఎన్నడూ అడగలేదు."

అద్దానికవతల ఇంజనీరు చేతులు ఆగిపోయాయి.

మంగళవారం ఐదు ఫోన్లు వచ్చాయి. బుధవారం పదకొండు. అందరూ ముందు ఆవిడ ఆరోగ్యమే అడిగారు. పిల్లలు బాగున్నారా, ఉద్యోగం బాగుందా అన్నారు. ఎంత కాలానికి నా మీద ఇంత ప్రేమ పుట్టిందో అనుకుంటూ ఆవిడ అందర్నీ విషయంలోకి మళ్ళించింది. పురుళ్ళు పోసిన నర్సమ్మ, తను మొదట ఎత్తుకున్న బిడ్డ ఇప్పుడు బస్సు కండక్టరై 'ముందుకు జరగాలి' అని తననే గదమాయిస్తున్నాడని ఫిర్యాదు చేసింది. ముప్పై ఏళ్ళ కిందట వీధి కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్న ఇద్దరాడవాళ్ళు ఒకే ఫోనులో వంతులేసుకుని మాట్లాడి, తప్పెవరిదో తేలకుండానే పెట్టేశారు. ఒక తాపీమేస్త్రీ తను కట్టిన మొదటి గోడ వంకర పోయిందనీ, ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళననీ చెప్పుకున్నాడు.

డైరెక్టరు మొదట తన గదిలోనే విన్నాడు. గదిగదికీ స్టూడియో నుంచి నేరుగా వచ్చే స్పీకరు ఉంది కనుక ఆ ఆఫీసులో రేడియో కొనాలని ఎవరికీ తోచలేదు. గురువారం వచ్చి ఇంజనీరు వెనక నిలబడ్డాడు. శుక్రవారం కుర్చీ కూడా తెచ్చుకున్నాడు.

"మా అమ్మ కూడా ఇంతే మేడమ్" అన్నాడు, ఆవిడ బయటికి రాగానే. "రేడియో మోగుతుంటేనే బట్టలు మడతపెట్టేది. నేను కట్టేస్తే ఆ చొక్కా అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎందుకో ఈ వారమంతా అదే గుర్తుకొస్తోంది."

శనివారం ఒక ఫోను పెడితే ఇంకొకటి మోగింది. పదకొండున్నరైనా ఆగలేదు. చివరికి ఇంజనీరే వచ్చి రిసీవరు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది.

"ఇవాళ ఒక్కరోజే ముప్పై నాలుగు" అన్నాడు డైరెక్టరు. "పాటల మాట మరిచిపోండి. ఈ గంట మీది."

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకోవడంలో పడిపోయింది.

అప్పుడే మెడలో టేపు కూడా తియ్యకుండా మార్కెట్ వీధి టైలరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ఎవరు నువ్వని అడిగేవాళ్ళను అడగనివ్వకుండా నేరుగా వచ్చి రేడియో అక్కయ్య రెండు చేతులూ పట్టుకుని, తల నుంచి పాదాల దాకా చూసింది.

"మనిషివి బాగానే ఉన్నావు. నా కళ్ళతో చూస్తేగానీ నమ్మకూడదనుకున్నా."

డైరెక్టరు తన కుర్చీ ఆవిడకు జరిపాడు. ఇన్నాళ్ళూ లేని ఫోన్లు ఈ వారం ఎందుకిలా వచ్చిపడ్డాయో మీరైనా చెప్పండమ్మా అని అడిగాడు. రేడియో అక్కయ్య కూడా కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ వైపు తిరిగింది.

"రోజూ ఇంటికొచ్చే మనిషికి ఫోనెందుకు చేస్తాం బాబూ?" అంది టైలరమ్మ. "ఈ పిల్ల మాట్లాడుతుంటే వింటూ కాజాలు కుట్టుకునేదాన్ని. సోమవారం నుంచి పదయ్యేసరికి రేడియోలో పాటలే వస్తుంటే, దీనికేమైందోనని వీధి వీధంతా భయపడి చస్తున్నాం."