ఈగలు తోలే భాష

"బొమ్మలు గీయడం ఉంది, సంగీతం ఉంది, పనికొచ్చే భాషలు నాలుగున్నాయి. అన్నీ వదిలేసి ఈగలు తోలే భాష దొరికిందా నీకు?"

నోరున్నవాడిదే రాజ్యమని నమ్మే ఇన్సూరెన్స్ ఏజెంటు ఆయన. టై ముడి వేసుకుంటూ కూతుర్ని ఎగతాళి చేశాడు. స్కూలువాళ్ల ఆన్‌లైన్ క్లాసుల్లో ఆ పిల్ల ఏరికోరి సైగల భాష తీసుకుంది మరి!

ఫోన్‌లో టీచరు చేతులు తిప్పుతోంది. కూతురు తిప్పుతోంది. రెండేళ్ల కిందట చెవులు పూర్తిగా పోయిన నానమ్మ కూడా పక్కనే కూర్చుని తిప్పుతోంది.

"ఈవిడొకతి, తగుదునమ్మా అని! అమ్మతో మాట్లాడటం నేనెప్పుడో మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

నానమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. మనవరాలి వైపు తిరిగి వేళ్లు చకచకా ఆడించింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"ఏమంటోంది?"

"ఏం లేదు నాన్నా."

"నా గురించేగా? చెప్పవే!"

"అది ఈగలు తోలే భాషన్నావుగా. నీకెందుకు?"

నానమ్మ మళ్లీ ఏదో అంది. కూతురు మళ్లీ నవ్వింది.

ఆయన టై ముడి సగంలో ఆగిపోయింది. ఒకసారి తల్లి చేతుల వంకా, ఒకసారి కూతురి నోటి వంకా చూస్తూ నిలబడ్డాడు, రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆవిడ చూస్తున్నట్టే.