ఇత్తడి ముద్ర

“బఖీతా! ముద్ర తీసుకుని బయటికి రా!”

ఖినావీ చేతికర్రతో తలుపు బాదాడు. వయోజన విద్యాకేంద్రంలో పాఠం ఆగిపోయింది. పదకొండుమంది ఆడవాళ్ళు గబగబా తలగుడ్డలు సర్దుకున్నారు. పన్నెండో ఆవిడ, అతని చెల్లెలు బఖీతా, రాస్తున్న మాట పూర్తిచేశాక గానీ తలెత్తలేదు.

పంతులమ్మ ఇబ్తిసామ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “హాజీ, ఇది ఆడవాళ్ళ తరగతి. పాఠం అయ్యేదాకా బయట కూర్చోండి.”

“ఊళ్ళో ఆడంగుల్ని పాడుచేస్తున్నది నువ్వేనా? తప్పుకో.”

ఆమె తప్పుకోలేదు. భుజంతో తోసుకుని లోపలికి వచ్చాడు. జేబులోంచి మడత కాగితం తీసి బఖీతా నోటుపుస్తకం మీద పరిచాడు.

“నాన్న చెరకు నేలలో నీ వాటా నాకు వదిలేస్తున్నట్టు రాయించాను. నా ముద్ర పడింది. నీదీ వెయ్యి. పోతాను.”

ఆ కాగితం అర్థమేమిటో ఇబ్తిసామ్‌కు తెలుసు. ఆ అర ఫెద్దాను, అరెకరం పైచిలుకు నేల తప్ప బఖీతాకు వేరే తిండి లేదు. మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. ఆ ఊళ్ళో చదువురాని వాళ్ళకు సంతకమంటే ముద్రే, పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ. ఆడవాళ్ళు దాన్ని తాడుకు కట్టి మెడలో దాచుకుంటారు. అది ఒకసారి పడిందంటే ఏ కోర్టూ మాట వినదు.

వెనక వరసలోంచి లబీబా లేచింది. “ఆరు ఫెద్దాన్లు నమిలినా నీ పళ్ళ దురద తీరలేదా హాజీ?”

“నోరుముయ్యి లబీబా. నీ మొగుడు బతికుండగా ఈ నోరు ఏ చాప కింద దాచావే?”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బఖీతా మాత్రం కాగితం వైపే చూస్తోంది.

“ఎవరు రాశారన్నా ఇది?”

“మా నస్సార్. డిప్లొమా చదివిన కొడుకుండగా వకీళ్ళను మేపడం దేనికి?”

కిటికీ అవతల మోటారుసైకిల్ మీద కూర్చుని ఉన్నాడు నస్సార్. ఇటు చూడడం లేదు.

“నువ్వు చదివావా?” లబీబా మళ్ళీ అంది.

“నాకెందుకే? నా కొడుకే నా కళ్ళు.”

“అయితే నేను చదివి వేస్తాను,” అంది బఖీతా.

ఖినావీ పకపకా నవ్వాడు. “తొమ్మిది నెలలకే పండితురాలివయ్యావే! చదువు, చదువు. నీ పంతులమ్మ ఘనత కూడా చూస్తాను.”

“ఇలా ఇవ్వత్తా, నేను చదివి పెడతాను,” అంటూ ఇబ్తిసామ్ చెయ్యి చాపింది. కర్ర వచ్చి వాళ్ళిద్దరి మధ్య బల్ల మీద ఫెళ్ళున పడింది.

“నువ్వు ముట్టుకున్నావంటే రేపే ఈ గదికి తాళం. గది మా బాబాయిది, గుర్తుంచుకో.”

ఇబ్తిసామ్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

బఖీతా వేలు మొదటి మాట కింద పెట్టింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. వేలు ఒక్కో మాటా దాటుతోంది. మూడో వరసలో ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అదే వరస చదివింది.

“ఏమైంది? బురదలో దిగబడ్డావా?” అన్నాడు ఖినావీ.

బఖీతా తలెత్తి కిటికీలోంచి చూసింది. నస్సార్ ఇప్పుడు ఇటే చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మేనత్త నోటి ముద్ద లాక్కుంటున్నందుకు వాడికైనా సిగ్గుందనుకుంది ఇబ్తిసామ్.

బఖీతా కాగితం చివరిదాకా చదివింది. తర్వాత మెల్లగా అంది.

“అన్నా, ఒక్కమాట. నా వాటా నాకు వదిలెయ్. నేను పోయాక ఎలాగూ నీ కొడుకుదేగా. ఈ కాగితం ఇక్కడే చింపేద్దాం.”

“ఆడదాని పేరు మీద జానెడు నేల ఉంటే గోరీలో నాన్న ఎముకలు వణుకుతాయి.”

“ఇంకోసారి ఆలోచించుకో. మన ఇద్దరిదీ ఒకే నెత్తురు.”

“నెత్తురు వేరు, నేల వేరు. వెయ్యవే!”

 బఖీతా మెడలోంచి తాడు లాగింది. ఖినావీ సిరా డబ్బీ మూత తీసి పట్టుకున్నాడు. నస్సార్ పెన్సిల్‌తో సున్నా చుట్టిన చోట ఆమె ముద్ర నొక్కింది. గట్టిగానే నొక్కింది.

ఇబ్తిసామ్ కళ్ళు మూసుకుంది. లబీబా “థూ” అంది. ముందు వరసలో ఇద్దరు నోటుపుస్తకాలు సంచుల్లో పెట్టేసుకున్నారు. రేపటి నుంచి వాళ్ళు రారు.

ఖినావీ కాగితం ఊది ఆరబెట్టి మడత పెట్టాడు. “చూశావుగా పంతులమ్మా, నీ చదువు ఏపాటిదో.” కర్ర తాటించుకుంటూ వెళ్ళి కొడుకు వెనక ఎక్కాడు. మోటారుసైకిల్ దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఇబ్తిసామ్ ఆగలేకపోయింది. “చదవడం రాకపోతే నాతో చెప్పొచ్చుగా అత్తా! వాడి కర్ర దెబ్బ నేను తినేదాన్ని కదా! రేపటి నుంచి ఏం తిని బతుకుతావు?”

బఖీతా ముద్రకంటిన సిరాను తలగుడ్డ అంచుతో తుడుచుకుంది.

“నా నేల నాకే ఉందమ్మాయ్. ఆ కాగితంలో మా అన్న తన ఆరు ఫెద్దాన్లూ, ఇల్లూ కొడుక్కి రాసిచ్చేశాడు. నేను సాక్షిని.”