తలుపు వేసి అడిగిన మాట

వృద్ధుల రక్షణ ఆఫీసు నుంచి వచ్చానని గుమ్మంలోకి వచ్చిన అమ్మాయి చెప్పగానే తల్లి మంచం మీదే కాస్త జరిగింది. శాలువాను మణికట్ల దాకా లాక్కుంది.

"మిమ్మల్ని కొడుతున్నారని ఎవరో ఫోన్ చేశారు పెద్దమ్మా."

"ఎవరట?"

"పేరు చెప్పలేదు. చెప్పినా మేము బయటపెట్టం." ఆ అమ్మాయి కొడుకు వైపు తిరిగింది. "మీరు కాసేపు బయటుండండి. ఇంట్లోవాళ్ల ఎదుట అడగడం మా పద్ధతి కాదు."

కొడుకు వెంటనే కదిలాడు. మెట్ల మీదికి వెళ్తూ తలుపు తనే దగ్గరగా వేశాడు. తలుపు మూసుకునేదాకా తల్లి వాడి వంగిన వీపునే చూసింది.

తుంటి విరిగి మంచాన పడ్డప్పటి నుంచి ఆమెకు కాళ్లూ చేతులూ వాడే. గ్యారేజీలో పని మానేశాడు. ఇంజన్లు విప్పే చేతులతో దుప్పట్లు ఉతికాడు. జడ వేయమంటే నట్టు బిగించినట్టు బిగించేవాడు. "నా తలేమన్నా లారీ చక్రమా?" అనేది ఆమె. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆ నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. ఇప్పుడు పక్క తడిస్తే చాలు, వాడి చెయ్యి లేస్తుంది. తర్వాత గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తాడు. కొట్టిన చోటే నూనె రాస్తాడు.

ఈ ఫోన్ పక్కవాటా టైలరమ్మ పనే. గోడకు చెవి అతికించుకుని బతికే మనిషి.

"ఒకసారి చెయ్యి చూపిస్తారా?"

"ముసలి ఒళ్లమ్మా. వేలు తగిలినా కమిలిపోతుంది."

"పడ్డారా?"

"పడనా మరి. కాళ్లు మొరాయించినా నడవాలన్న యావ చావదు."

ఆ అమ్మాయి నవ్వలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"మీరు నోరు విప్పితే మీ అబ్బాయిని ఈడ్చుకుపోతామనుకోకండి. పగలు మీకు సాయంగా మనిషిని పంపుతాం. ఆయనకూ కాస్త ఊపిరి తీసుకునే వీలుంటుంది. మనసు విప్పి చెప్పుకోడానికి డాక్టరు ఉంటారు. కావాలంటే కొన్నాళ్లు మీరు మా దగ్గరే ఉండొచ్చు. కానీ ఆ మాట మీరే చెప్పాలి. మీరు వద్దంటే మిమ్మల్ని కాదని ఏం చేసే హక్కూ మాకు లేదు."

మాట గొంతు దాకా వచ్చింది. వాడు కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆమెకు తెలుసు. సాయానికి ఒక్క మనిషి ఉంటే వాడు మునుపటిలా అవుతాడేమో.

మెట్ల మీద కొడుకు దగ్గాడు.

నిజం తెలిస్తే ఊరంతా వాడిని తల్లిని కొట్టినవాడంటుంది. గ్యారేజీ వాళ్లు మళ్లీ గడప తొక్కనివ్వరు. ఆమె ఆ మాట మింగేసింది.

"నా కొడుకు బంగారం తల్లీ. నా మీద ఈగ వాలనివ్వడు. మమ్మల్ని చూసి కళ్లలో నిప్పులు పోసుకునేవాళ్లు ఏదో వాగితే పట్టుకొచ్చావు."

"నిజమేనా పెద్దమ్మా?"

"కన్నదాన్ని. నాకంటే ఎవరికి తెలుసు?"

ఆ అమ్మాయి కుర్చీ వెనక్కి జరిపింది. ఏ వేళైనా చేయొచ్చంటూ, ఫోన్ నంబరున్న కార్డు దిండు పక్కన పెట్టి లేచింది. బయట మెట్ల మీద కొడుకు ఆమెను ఏదో అడగడం వినిపించింది. జవాబు వినిపించలేదు.

తల్లి ఆ కార్డును ముక్కలు ముక్కలుగా చింపింది.

కొడుకు లోపలికొచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏం చెప్పావమ్మా?"

"ఏం చెప్తాను? అంతా అబద్ధమన్నాను. నేను బతికుండగా నీ మీద మాట పడనిస్తానా? ఇక ఆ ఆఫీసు వాళ్లెవరూ ఈ ఛాయలకు రారు. రేపు ఆ టైలరమ్మ కనబడనీ, దాని నోరు కుట్టేస్తాను."

కొడుకు నేల మీద కూలబడ్డాడు. మంచం కింద పడ్డ కార్డు ముక్కలను ఒక్కొక్కటే ఏరి, ఒకదాని పక్కన ఒకటి పేర్చసాగాడు.

"ఫోన్ చేసింది టైలరమ్మ కాదమ్మా, నేను."