మూడు మూగ పాటలు

శనివారం మధ్యాహ్నం ఆట. హాలు తలుపులు ఇంకా తెరవనేలేదు, హల్ నగరంలోని ఆడపిల్లలంతా అప్పటికే ఆ గుమ్మం ముందున్నారు.

1964. టిన్ స్పారోస్ అనే పాటల బృందంలోని నలుగురు కుర్రాళ్ల కోసం ఇంగ్లండు మొత్తం వెర్రెత్తిపోతున్న రోజులు. చేపల గోదాములో పనిచేసే థెల్మా, రెండు వారాలు ఇంకొకరి వంతు కూడా తనే చేసి ఈ పూట సెలవు సంపాదించుకుంది. ఎంత తోమినా చేతులకు హెర్రింగ్ చేపల వాసన పోలేదు. ఉంటే ఉండనీ అనుకుంది.

చెల్లెలు బెరిల్‌కు గాయకుడు టెర్రీ అంటే ప్రాణం. థెల్మాకు మాత్రం మూల నిలబడి లావు తీగల బేస్ గిటార్ వాయించే సిరిల్. ఇంట్లో రికార్డు పెడితే చాలు, గ్రామఫోను పెట్టెకు అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చునేది. సిరిల్ వంతు రాగానే ఆమె ముఖం వెలిగిపోయేది.

వరసలో వెనకున్న పిల్ల థెల్మాను రెండుసార్లు పలకరించింది. థెల్మా తలుపుల వైపే చూస్తోంది.

"మీ అక్కకెంత టెక్కే!" అంది ఆ పిల్ల బెరిల్‌తో.

"సిరిల్ ధ్యాసలో ఉంది. వదిలెయ్."

"సిరిలా? ఆ కొంగమెడ వాడా? వాడికీ ఓ పిచ్చిది దొరికిందన్నమాట!"

తలుపులు తెరుచుకున్నాయి. తోపులాటలో థెల్మా ఒక చెప్పు పోగొట్టుకుంది, కోటు గుండీలు రెండు తెగాయి. చివరికి ఆ జనమే ఆమెను తీసుకెళ్లి వేదిక మూలనున్న సిరిల్ స్పీకరు పెట్టెకు అతికించారు. ఇంతకన్నా ఏం కావాలి! రెండు చేతులూ చాచి దాన్ని వాటేసుకుంది.

నలుగురూ వేదిక ఎక్కారు. రెండు వేల గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఇక ఆగలేదు. వాయించేవాళ్లకే తమ వాయింపు వినబడటం లేదు.

నాలుగో పాట మొదట్లోనే థెల్మా ముఖంలో నవ్వు మాయమైంది. సిరిల్ వేళ్లు తీగల మీద పరుగులు పెడుతున్నాయి. పెట్టెలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఆ పాట అయిపోయింది. ఇంకోటి. ఇంకోటి. థెల్మా చేతులూపింది, పెట్టెను చూపించింది. సిరిల్ కన్నుగీటాడు. మళ్లీ చూపించింది. గాల్లో ముద్దు విసిరాడు. ఇంకో రోజైతే అక్కడే మూర్ఛపోయేది. ఇప్పుడు చిర్రెత్తుకొచ్చింది. పక్కనే ఉన్న బెరిల్ భుజం మీద కాలు వేసి వేదిక ఎక్కేసింది.

"ఏయ్ పిల్లా! ఆగు! దిగు!" పోలీసు ఈల ఊదుతూ వెంటపడ్డాడు.

థెల్మా వెనక్కి తిరిగి కూడా చూడలేదు. తిన్నగా పోయి సిరిల్ చేయి పట్టుకుని లాగి పెట్టె మీద అదిమింది.

సిరిల్ నోరు తెరిచాడు. వంగి వెనక్కి చూశాడు. ఎవరి కాలు తగిలిందో, అన్ని పెట్టెలకూ కరెంటు అందించే వైరు ఊడి నేల మీద పడి ఉంది. మైకులు పలకలేదు, గిటార్లు పలకలేదు. మూడు పాటలుగా మోగినవి ఒక్క డ్రమ్ములే. ఆ మూడు పాటలకూ జనం ఒళ్లు తెలియకుండా ఊగిపోయారు!

ఆట అయ్యాక సిరిల్ తనే వచ్చి అక్కచెల్లెళ్లను తెర వెనక్కి తీసుకెళ్లాడు.

"మేం నలుగురం కనిపెట్టలేదు. మా మేనేజరు కనిపెట్టలేదు. నువ్వెలా పసిగట్టావు పిల్లా?"

థెల్మా అతని పెదవుల వంకే చూస్తూ ఎర్రబడిపోయింది.

పక్కనున్న విలేకరి ఉత్సాహంగా పుస్తకం తీశాడు. "స్పారోస్ చరిత్రలో నిలిచిపోయే ఘట్టం! శీర్షిక కూడా దొరికింది. 'ఇంగ్లండులోకెల్లా చురుకైన చెవులు!' నీ పేరేంటమ్మా?"

థెల్మా ఇంకా సిరిల్‌నే చూస్తోంది.

"అమ్మాయ్, పేరు?" విలేకరి గొంతు పెంచాడు.

నవ్వి నవ్వి నేల మీద చతికిలబడ్డ బెరిల్ కళ్లు తుడుచుకుంది.

"థెల్మా అని రాసుకోండి గానీ, ఆ చెవుల మాట మాత్రం కొట్టెయ్యండి సార్, మా అక్కకి పుట్టుచెవుడు."