టీ పొడి కుడివైపు

మా వారి చెయ్యి ఎడమ అల్మారాలో ఊరికే తడుముకుని వెనక్కొచ్చింది.

"పాతికేళ్లుగా ఇక్కడున్న టీ పొడిని ఇప్పుడే కుడివైపుకి మార్చాలా? రేపు నాకు పరీక్షుంటే ఈ దాగుడుమూతలేంటే?"

"పదకొండు రోజులైంది. ఇంకా అలవాటు కాలేదా?" అన్నాను.

ఆయన పైలట్. నలుగురైదుగురు వాటాలేసి కొనుక్కున్న చిన్న జెట్ విమానాలను వాళ్ల కంపెనీ నడుపుతుంది. ఇప్పుడు పాతవన్నీ అమ్మేసి కొత్త రకం తెస్తున్నారు. వాటికి పైలట్లు చాలక వెతుకుతున్నారు కానీ, పరీక్ష గట్టెక్కినవాళ్లే కావాలి. ఈయన ఒకసారి తప్పారు. రేపు కూడా తప్పితే యాభై రెండో ఏట ఇంట్లో కూర్చోవడమే.

మర్నాడు సాయంత్రం వచ్చి, నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టారు.

ఆయన చెయ్యి ఎడమవైపు లేచింది. అది గాల్లోనే ఆగి, కుడివైపు తిరిగి డబ్బా అందుకుంది.

"అక్కడ పరీక్షలోనూ ఇలాగే ఆగింది," అన్నారు. "ఇంజిన్‌లో మంటని ఎర్రదీపం వెలగగానే చెయ్యి ఎడమవైపే లేచింది. పాత విమానంలో మంట ఆర్పే మీట అక్కడే కదా, కొత్తదాంట్లో కుడివైపు. పోయినసారి తప్పింది అందుకే."

"నాకు తెలుసు. మరి ఇవాళ?"

"పరీక్ష పెట్టినాయన పాసయ్యానని సంతకం పెట్టి, చివరి క్షణంలో ఎలా గుర్తొచ్చిందని అడిగారు. టీ పొడి అక్కడ లేదు సార్ అన్నాను."