కుండలో గోధుమ

“ఎకరా తోట అమ్మితే అక్కడ ఆరెకరాలొత్తాయి బావా! నల్లరేగడి. కర్ర పాతినా సిగురేత్తాది,” అన్నాడు ఢిల్లేశ్వరరావు.

మధ్యప్రదేశ్‌లో గోధుమ పొలాలు చవగ్గా ఇప్పిస్తానంటూ ఉద్దానం ఊళ్లన్నీ తిరుగుతున్నాడతను. ఆ నోరు పెళ్లి మైకు లాంటిది, ఒక పట్టాన ఆగదు. సోంపేట పక్క ఈ ఊళ్లో ఇప్పటికే నాలుగు కుటుంబాలు ‘ఆరోన్ కదిలితే మేమూ కదుల్తాం’ అని కూర్చున్నాయి.

ఆరోన్ మెత్తబడ్డాడు. తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడే తన ఇసుక నేల మీద అతనికి నమ్మకం పోయింది. భార్య మగ్దలీనకు పోలేదు. చెట్టు పడిన ప్రతిచోటా జీడి అంటు నాటి, మూడు వేసవులు బిందెలతో నీళ్లు మోసిన మనిషి ఆమె. తోట అమ్ముదామంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

“ఆ ఇసకలో ఏటుందని పట్టుకు ఏలాడతన్నావే?” అన్నాడు ఆరోన్.

“నా నడుం నొప్పుంది,” అంది మగ్దలీన.

చివరికి ఇద్దరూ తాతలనాటి పద్ధతికి ఒప్పుకున్నారు. కొత్త భూమి కొనేముందు ఆ మట్టిని కుండలో పోసి విత్తనం చల్లడం ఆ ఇంటి ఆచారం. మొక్క నెల రోజులు నిలిస్తే కొంటారు. ఎండిపోతే ఆ మాటే మరిచిపోతారు.

ఢిల్లేశ్వరరావు బస్తాడు నల్లమట్టి, గుప్పెడు గోధుమలు తెచ్చాడు.

“నిలిత్తే మూట నేనే కడతాను,” అని మగ్దలీన పెద్ద కుండ ఒకటి తీసుకుని పెరట్లోకి వెళ్లి, మట్టి నింపి తెచ్చింది. క్రిస్మస్ మర్నాడు పాస్టరుగారు ప్రార్థన చేసి గింజలు చల్లారు.

ఐదో రోజుకి మొలకలు తలెత్తాయి. “ఇంకా పాతిక రోజులుంది,” అని నవ్వింది మగ్దలీన.

పదిహేనో రోజుకి జానెడయ్యాయి. ఆమె నవ్వు ఆగిపోయింది. నెల తిరిగేసరికి జానా బెత్తెడు పెరిగి, కుండ కనబడకుండా కమ్మేశాయి. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. ఆరోన్ కొత్త పెళ్లికొడుకులా తిరిగాడు. మగ్దలీన మాత్రం గొంతుక్కూర్చుని కాసేపు కుండకేసి, కాసేపు తోటకేసి చూసేది. పాపం, బెంగ పెట్టుకుందనుకున్నారంతా.

ఆదివారం ఆరాధన అయ్యాక ఢిల్లేశ్వరరావు ఒప్పందం కాగితంతో దిగాడు. నాలుగు కుటుంబాలూ చుట్టూ చేరాయి. ఆరోన్ పెన్ను మూత తీశాడు.

“ఏటే, మూట కట్టీసేవా?”

“కడతాను గానీ, సంతకానికి ముందు ఇది సూడు,” అంటూ మగ్దలీన ఆ కుండని ఎత్తి అందరి మధ్యా పగలగొట్టింది.

నల్లమట్టి పైపైన అంగుళం మందమే ఉంది. దాని కింద, వేళ్లు దట్టంగా అల్లుకున్నదంతా, గోధుమ ఎండిపోవాలని ఆమె చేతులారా నింపిన తమ తోట ఇసుకే.