జేమ్స్ కాలు విరిగిన సంగతి

స్తుతి చేతిలోని గాలి పంపు పోశం నుదుటికి తగిలింది. ముసలాయన తూలి, వరుసగా నిలబెట్టిన సైకిళ్ల మీద పడ్డాడు. నెత్తురు కనుబొమ్మ దాటి కారింది.

"మా బాపు కాలు విరగ్గొట్టింది నువ్వా?"

"నేనే బిడ్డా. బొగ్గుబాయి సమ్మెల జేమ్స్ డ్యూటీకి పోతుంటే అడ్డం వోయి గడ్డపారతోని కొట్టిన."

మందమర్రి సైకిల్ క్లబ్బు చరిత్ర రాద్దామని వచ్చిందామె. ప్రతి పందెంలో మొదటొచ్చే తండ్రి తొక్కడం ఎందుకు మానేశాడో అడిగింది. సైకిల్ మీంచి పడ్డానని చనిపోయేదాకా చెప్పాడాయన. కుంటుతూనే ముప్పై ఏళ్లు ఈ పోశంతో కలిసి క్లబ్బు నడిపాడు.

స్తుతి మళ్లీ పంపు ఎత్తింది. పోశం చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"కొట్టింది నువ్వని ఆయనకు ఎరుకేనా?"

"ముఖం చూసే కొట్టిన. తెల్లారి దవాఖానకు పోయి కాళ్లు పట్టుకున్న. గప్పుడు నువ్వు మీ అవ్వ ఒళ్లె ఉన్నవ్. 'గీ సంగతి నా బిడ్డ చెవుల పడొద్దు పోశం. పడితే అదిగూడ నీ లెక్కనే చెయ్యి లేపుతది' అన్నడు."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. స్తుతి దాని వైపు చూసుకుంది.

"మరి నాకెందుకు చెప్పినవ్?"

"చరిత్ర రాస్తనంటివి. నీతోని అబద్ధం రాపియ్యాల్నా?"

ఆమె పంపు కింద పెట్టి, చున్నీ మడిచి ఆయన నుదుటికి అదిమింది.

"నొస్తున్నదా, పెద్దబాపు?"

"జరంత," అన్నాడు పోశం.